చీకటి గది మందులతో జాగ్రత్త!
ఎక్స్‌రే ఫిల్మ్, ఫోటో ఫిల్మ్ కడిగే రసాయనాల గురించి కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు



మీ ఇంట్లో ఎవరికో ఒకరికి ఛాతీ ఎక్స్‌రే తీయించడానికి మీరు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్న రోజు ఒకటైనా ఉండే ఉంటుంది. పాత పద్ధతిలో ఫిల్మ్ కడిగే చోట, పక్క గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా వెనిగర్ లాంటి పుల్లటి ఘాటు వాసన ముక్కుకు తగులుతుంది. "ఈ వాసన మంచిదేనా? ఇందులో రేడియేషన్ ఉంటుందా? చంటిపిల్లను ఇక్కడ కూర్చోబెట్టవచ్చా?" అని చాలామంది అడుగుతారు. అడగడం మంచిదే. ఈ వ్యాసంలో ఆ ప్రశ్నలకు జవాబులు చెబుతూ, మీరు సాధారణంగా అడగని మరో విషయం కూడా చెప్పాలనుకొంటున్నాం.

ఆ విషయం ఇది. ఎక్స్‌రే తీయించుకొని వెళ్లిపోయే రోగికి ఆ మందుల వలన పెద్దగా ప్రమాదం లేదు. ప్రమాదమంతా ఆ గదిలో రోజూ పనిచేసే మనిషికి, ఆ మందు సీసా ఇంటికి చేరితే ఆ ఇంటి పిల్లలకు, పాత ఫిల్ములను వెండి కోసం ఉడికించేవారికి. ఈ ముగ్గురూ మన కుటుంబాలలోని వారే. తండ్రి బాయి పనికి పోతే కొడుకు ఎక్స్‌రే టెక్నీషియన్‌గానో, హెల్పర్‌గానో, ఫోటో స్టూడియోలోనో కుదురుకొన్న ఇళ్లు కాసిపేట, సోమగూడెం, మందమర్రి, బెల్లంపల్లిలలో ఉన్నాయి. గోదావరి అవతల గోదావరిఖని, రామగుండంలలోనూ ఉన్నాయి.

బొగ్గు ప్రాంతంలో ఎక్స్‌రే ఎందుకింత ముఖ్యం?

గనిలో పనిచేసే ప్రతి కార్మికుడికి ఉద్యోగంలో చేరేముందు, ఆ తరువాత ఐదేళ్లకు మించకుండా మళ్లీ మళ్లీ వైద్యపరీక్ష చేయాలని 1955 నాటి గనుల నియమాలు నిర్దేశించాయి. ఆ పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే ఒక ముఖ్యమైన భాగం. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొని వచ్చే న్యుమోకోనియోసిస్ అనే జబ్బును మొదట పట్టించేది ఆ ఎక్స్‌రేనే. అందువల్ల మన ప్రాంతంలో దశాబ్దాలుగా వేల వేల ఫిల్ములు చీకటి గదులలో కడగబడ్డాయి. వాటిని కడిగిన చేతుల గురించి మాత్రం మనం అంతగా ఆలోచించలేదు.

ఇప్పుడు పెద్ద ఆసుపత్రులన్నీ చాలావరకు డిజిటల్ పద్ధతికి మారాయి. అందులో తడి మందుల పని లేదు. అయినా కొన్ని చిన్న ఎక్స్‌రే కేంద్రాలలో, కొన్ని పళ్ల ఆసుపత్రులలో, బాయిలర్ పైపుల వెల్డింగ్ అతుకులను ఫిల్మ్ మీద పరీక్షించే చోట్ల పాత పద్ధతి ఇంకా ఉంది. ఫోటో స్టూడియోలలో డిజిటల్ కెమెరాలు వచ్చాక ఈ పని దాదాపుగా ఆగిపోయింది. కానీ మూసేసిన స్టూడియోల వెనుక గదిలో, అటక మీద పాత మందు డబ్బాలు ఇంకా మిగిలి ఉండవచ్చు. అందుకే ఈ సంగతులు ఇప్పుడు కూడా అవసరం.

చీకటి గదిలో ఏం జరుగుతుంది?

ఎక్స్‌రే ఫిల్మ్ అంటే పలుచని ప్లాస్టిక్ రేకు. దాని మీద జెలటిన్ పూత, ఆ పూతలో కంటికి కనబడనంత చిన్న వెండి లవణపు రేణువులు ఉంటాయి. ఎక్స్‌రే కిరణాలు శరీరం గుండా వచ్చి ఫిల్మ్‌ను తాకినప్పుడు ఆ రేణువులలో మార్పు వస్తుంది. కానీ బొమ్మ అప్పుడే కనబడదు. వెలుతురు తగిలితే ఫిల్మ్ అంతా నల్లబడిపోతుంది కాబట్టి ఎర్ర బల్బు మాత్రమే ఉన్న చీకటి గదిలో దానిని కడగాలి.

మొదటి టాంకు డెవలపర్. కిరణం తగిలిన రేణువులను ఇది నల్లని వెండిగా మారుస్తుంది. చేతితో కడిగే పద్ధతిలో సుమారు 20 డిగ్రీల వేడి వద్ద దాదాపు 5 నిమిషాలు పడుతుంది. తరువాత నీటిలో ముంచి తీస్తారు. రెండవ టాంకు ఫిక్సర్. దీనినే మనవాళ్లు "హైపో" అంటారు. కిరణం తగలని రేణువులను ఇది కరిగించి తీసేస్తుంది. ఆ తరువాత పారే నీటిలో 20 నుండి 30 నిమిషాలు బాగా కడిగి, క్లిప్పుకు తగిలించి ఆరబెడతారు. మెషీన్‌లో అయితే ఇదే పని దాదాపు 35 డిగ్రీల వేడి మందులతో కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. పద్ధతి ఏదైనా మందులు ఇంచుమించు అవే.

డెవలపర్‌లో హైడ్రోక్వినోన్, మెటాల్ లేదా ఫెనిడోన్ అనే పదార్థాలు, వాటితో పాటు సోడియం సల్ఫైట్, కార్బొనేట్ లేదా కాస్టిక్ వంటి క్షారాలు ఉంటాయి. మెషీన్లలో వాడే డెవలపర్లలో చాలావాటిలో ఫిల్మ్ పూతను గట్టిపరచడానికి గ్లూటరాల్డిహైడ్ కూడా కలుపుతారు. ఫిక్సర్‌లో సోడియం లేదా అమ్మోనియం థయోసల్ఫేట్, ఎసిటిక్ ఆమ్లం, సల్ఫైట్, పటిక వంటివి ఉంటాయి. మీకు తగిలే ఆ పుల్లటి వాసన ఎసిటిక్ ఆమ్లానిది. ఫిక్సర్ పాతబడినా, వేడెక్కినా, ఆమ్లం ఎక్కువైనా దాని నుండి సల్ఫర్ డయాక్సైడ్ అనే వాయువు వస్తుంది. అగ్గిపుల్ల గీసినప్పుడు ముక్కు పుటాలు మండించే వాసన ఇంచుమించు అదే.

ఈ మందులు శరీరానికి ఏం చేస్తాయి?

చర్మానికి: డెవలపర్ క్షారం కాబట్టి సబ్బునీటిలా జారుతూ చర్మపు నూనెను తీసేస్తుంది. చేతులు పొడిబారి, వేళ్ల సందులు పగులుతాయి. మెటాల్, హైడ్రోక్వినోన్, గ్లూటరాల్డిహైడ్‌ల వలన కొందరికి ఎలర్జీ వస్తుంది. దురద, ఎర్రని దద్దులు, నీటి పొక్కులు వస్తాయి. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఎలర్జీ ఒకసారి స్థిరపడితే, తరువాత ఒక్క చుక్క తగిలినా మళ్లీ తిరగబెడుతుంది. "అలవాటైపోతుందిలే" అనుకోవడం పొరపాటు. ఈ మందులకు శరీరం అలవాటు పడదు, ఓర్పు కోల్పోతుంది. హైడ్రోక్వినోన్ చర్మపు రంగును కూడా తగ్గిస్తుంది. చర్మం తెల్లబడడానికి వాడే కొన్ని క్రీములలో డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందు ఇదే. అందుకే అదే పనిగా చేతులు ముంచేవారికి తెల్లమచ్చలు రావచ్చు.

కళ్లకు: డెవలపర్ చింది కంట్లో పడితే కాలిన గాయం అవుతుంది. వెంటనే కడగకపోతే నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని చూపుకే ప్రమాదం.

ఊపిరికి: సల్ఫర్ డయాక్సైడ్, ఎసిటిక్ ఆమ్లం, గ్లూటరాల్డిహైడ్ ఆవిర్లు గొంతును, శ్వాసనాళాలను గరుకెక్కిస్తాయి. ఆస్తమా ఉన్నవారికి కొద్ది సల్ఫర్ డయాక్సైడ్‌తోనే ఆయాసం రావచ్చు. ఆస్తమా లేనివారికి కూడా, గాలి ఆడని గదిలో ఏళ్ల తరబడి పీలిస్తే అది మొదలయ్యే అవకాశం ఉంది.

కడుపులోకి పోతే: ఇదే అన్నిటికంటే భయంకరం. డెవలపర్ మింగితే నోరు, గొంతు కాలడం, వాంతులు, చెవులలో హోరు, మూత్రం ముదురు రంగులో రావడం, పెదవులు నీలిరంగుకు తిరగడం, మూర్ఛలు రావచ్చు. ప్రాణాపాయం కూడా.

1980వ దశకంలో న్యూజిలాండ్‌కు చెందిన మార్జొరీ గోర్డన్ అనే రేడియోగ్రాఫర్ ఈ పని వలన తనకు కలిగిన బాధలను బయటపెట్టారు. తలనొప్పి, గొంతు బొంగురు, నోటిలో లోహపు రుచి, కళ్ల మంట, ఛాతీ పట్టేయడం, విపరీతమైన అలసట వంటి లక్షణాలు తమకూ ఉన్నాయని అనేకమంది రేడియోగ్రాఫర్లు ముందుకు వచ్చారు. దానికి "డార్క్‌రూమ్ డిసీజ్", అంటే చీకటి గది జబ్బు అని పేరు వచ్చింది. ఇది ఒకే జబ్బా, పలు కారణాల కలయికా అన్నదానిపై డాక్టర్లలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కానీ గాలి బాగా ఆడేలా చూసి, మందు ఆవిరి ముఖానికి తగలకుండా చేస్తే బాధలు తగ్గుతాయన్నది అందరూ ఒప్పుకొనే మాట.

దగ్గు అంతా బొగ్గు దుమ్మే కాదు

మన ప్రాంతంలో ఎవరు దగ్గినా "బొగ్గు దుమ్ము" అనో, "టీబీ ఏమో" అనో అంటాం. ఆ రెండూ కొట్టిపారేయవలసినవి కావు. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష తప్పక చేయించాలి. అయితే చీకటి గదిలో పనిచేసే కొడుకు దగ్గుతుంటే మరొక కారణం కూడా ఉండవచ్చు. దానిని పట్టుకోవడానికి ఇంట్లోవారు చేయగలిగిన సులభమైన పరీక్ష ఒకటి ఉంది. దానికి పైసా ఖర్చు లేదు.

డ్యూటీ రోజులు, సెలవు రోజులు పోల్చి చూడండి. దగ్గు, ఆయాసం, కళ్ల మంట, చేతుల దురద డ్యూటీ చేసిన సాయంత్రం ఎక్కువై, ఆదివారం తగ్గి, పండుగకు నాలుగు రోజులు ఊరికి పోతే పూర్తిగా పోయి, తిరిగి పనిలో చేరగానే మొదలవుతుంటే కారణం పనిచేసే చోటే ఉందని అనుమానించాలి. నాలుగు వారాల పాటు ఒక క్యాలెండర్ మీద గుర్తు పెట్టి డాక్టర్‌కు చూపించండి. పని ఏమిటో, ఏ మందులు ముట్టుకొంటారో డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. చాలామంది రోగులు జ్వరం, దగ్గు చెబుతారు గాని చేసే పని చెప్పరు. ఆ ఒక్కమాట చెప్పకపోవడం వలన నెలల తరబడి వేరే మందులు మింగినవారు ఉంటారు.

పనిచేసే చోట ఉండవలసిన జాగ్రత్తలు

మీ ఇంటివారు ఈ పనిలో ఉంటే ఈ సంగతులు వారిని అడిగి తెలుసుకోండి. లేకపోతే యజమానిని అడగమని చెప్పండి. ఇవి దయతో ఇచ్చే సౌకర్యాలు కావు, ఉండి తీరవలసినవి.

గాలి. వెలుతురు రాకుండా మూసిన గదిలో గాలి కూడా రాదు. అందుకే వెలుతురు రాని విధంగా అమర్చిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి. గంటకు కనీసం పదిసార్లు గదిలోని గాలి మొత్తం మారాలని సాధారణంగా చెబుతారు. ఫ్యాన్ ఉంటే చాలదు, అది ఉన్న చోటు ముఖ్యం. ఆవిరిని టాంకు వెనుక నుండి లాగాలి. పనిచేసేవాని తలపైన పెడితే ఆవిరి అతని ముక్కు మీదుగానే పోతుంది. టాంకులకు మూతలు ఉండాలి, పనిలేనప్పుడు మూసి ఉంచాలి. మెషీన్ ఉంటే దాని నుండి ఆవిరి పోయే గొట్టం గోడ బయటకు వెళ్లాలి గాని వరండాలోకి కాదు.

వేడి. ఎండాకాలంలో మన దగ్గర 45 డిగ్రీలు దాటే రోజులు మీకు తెలుసు. మందు వేడెక్కినకొద్దీ ఆవిరి పెరుగుతుంది. చల్లబరచడానికి ఐసును బయటి నీటి తొట్టిలో వేయాలి. మందులో నేరుగా వేయకూడదు.

చేతులు. ఫిల్మ్‌ను క్లిప్పులతో, హ్యాంగర్లతో పట్టుకోవాలి. వట్టి చేతులు ముంచకూడదు. నైట్రైల్ గ్లవ్స్ మంచివి. పలుచని రబ్బరు గ్లవ్స్ గుండా గ్లూటరాల్డిహైడ్ వంటివి కొంతసేపటికి లోపలికి దిగుతాయి. చిరిగిన గ్లవ్స్ వేసుకోవడం కంటే వేసుకోకపోవడమే మేలు, ఎందుకంటే మందు లోపల చిక్కుకొని చర్మానికి అంటుకొనే ఉంటుంది.

మందు కలపడం. ఎక్కువ ప్రమాదాలు ఫిల్మ్ కడిగేటప్పుడు కాదు, మందు కలిపేటప్పుడు జరుగుతాయి. పొడి ఎగిరి ముక్కులోకి పోతుంది, నీళ్లు చింది కంట్లో పడతాయి. కంటి అద్దాలు, మాస్కు, ప్లాస్టిక్ ఆప్రాన్ వేసుకొని, తలుపులు తెరచి, ఫ్యాన్ వేసి కలపాలి. ఎప్పుడూ నీటిలో మందు పోయాలి గాని మందు మీద నీళ్లు పోయకూడదు. డెవలపర్, ఫిక్సర్‌లకు వేరు వేరు బకెట్లు, వేరు వేరు కలిపే కర్రలు ఉండాలి. రెండు మందులు కలిస్తే అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ వంటి ఘాటు వాయువులు రావచ్చు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఫిక్సర్ ఒలికిన చోట, ఫిక్సర్ పోసిన తూములో బ్లీచింగ్ పౌడర్ గాని, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ గాని వేయకూడదు. బ్లీచింగ్‌కు ఆమ్లం తగిలితే క్లోరిన్ వస్తుంది. అది ఊపిరితిత్తులను వెంటనే దెబ్బతీస్తుంది. శుభ్రం చేసే ఆయమ్మలకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తరచుగా వారికి ఎవరూ చెప్పరు.

తిండి. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా చీకటి గదిలో ఉండకూడదు. బీడీ, గుట్కా, తంబాకు కూడా వద్దు. మందు అంటిన వేళ్లే నోటికి పోతాయి. గర్భిణి స్త్రీలు మందు కలిపే పనిని, టాంకులు కడిగే పనిని మరొకరికి అప్పగించమని ముందుగానే అడగాలి.

ఇంటికి రావలసినవి, రాకూడనివి

పని ముగించాక మోచేతుల వరకు సబ్బుతో చేతులు కడుక్కొని ఇంటికి రావాలి. ఆప్రాన్‌ను, మరకలు పడిన బట్టలను పిల్లల బట్టలతో కలిపి నానబెట్టవద్దు, వేరుగా ఉతకండి. చేతులకు రాత్రి పడుకొనే ముందు కొబ్బరినూనెగాని, వాసలీన్‌గాని రాస్తే పగుళ్లు తగ్గుతాయి. పుండ్లు పడితే మాత్రం సొంత వైద్యం వద్దు.

మందు మాత్రం ఇంటికి రాకూడదు. "మిగిలింది కదా, పారేయడం ఎందుకు" అని కొందరు కూల్‌డ్రింక్ సీసాలో పోసి తెస్తారు. తయారుచేసిన డెవలపర్ నీళ్లలాగానో, లేత టీ డికాషన్‌లాగానో ఉంటుంది. హైపో పొడి పటికబెల్లం పలుకుల్లా తెల్లగా మెరుస్తుంది. బడి నుండి దాహంతో వచ్చిన పిల్లవాడికి కూల్‌డ్రింక్ సీసా కనబడితే మూత తీసి వాసన చూసేంత ఓపిక ఉంటుందా? తినే, తాగే వస్తువుల డబ్బాలలో, సీసాలలో ఏ రసాయనమూ ఎన్నడూ పోయవద్దు. కిరోసిన్, పురుగుమందు, యాసిడ్‌లకు కూడా ఇదే మాట. ఇప్పటికే ఇంట్లో ఉంటే ఈరోజే దాని మీద పేరు రాసి, పిల్లలకు అందని చోట తాళం వేసి, తెచ్చిన చోటికే తిరిగి ఇచ్చివేయండి.

"హైపో విషం కాదు, ఆసుపత్రిలో ఇంజెక్షన్‌గా కూడా ఇస్తారట" అని ఎవరైనా చెప్పవచ్చు. సయనైడ్ విషానికి విరుగుడుగా సోడియం థయోసల్ఫేట్‌ను డాక్టర్లు వాడే మాట నిజమే. అది శుద్ధిచేసి తయారుచేసిన మందు. స్టూడియో హైపోలో ఆమ్లం, ఇతర రసాయనాలు కలిసి ఉంటాయి. పేరు ఒకటైనంత మాత్రాన అవి రెండూ ఒకటి కావు.

పాత ఫిల్ముల వెండి ఆశ

ఫిల్ములో వెండి ఉందన్న సంగతి అందరికీ తెలిసిపోయింది. వాడిన ఫిక్సర్‌లోనూ లీటరుకు కొన్ని గ్రాముల వెండి కరిగి ఉంటుంది. అందుకే పాత సామాను కొనేవారు ఎక్స్‌రే ఫిల్ములు అడుగుతారు. కొందరు ఇంటి పెరట్లోనే ఫిల్ములను కాస్టిక్ సోడాలో ఉడికిస్తారు, లేదా కాల్చి బూడిద అమ్ముతారు. మరిగే కాస్టిక్ ఒక్క గరిటెడు ఒలికినా చర్మం లోతుగా కాలుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. కాల్చిన ప్లాస్టిక్ పొగ ఇంటిల్లిపాదీ పీలుస్తారు. వచ్చే వెండి ఎంతో చూస్తే, ఒక్క కాలిన గాయానికి అయ్యే ఖర్చుకు కూడా అది చాలదు.

ఫిల్ముల వలన జరిగిన ఘోరం చరిత్రలో ఒకటి ఉంది. 1929 మే 15న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ అనే ఆసుపత్రి నేలమాళిగలో నిల్వ ఉంచిన ఎక్స్‌రే ఫిల్ములు అంటుకొన్నాయి. ఆనాటి ఫిల్ములు నైట్రోసెల్యులోజ్ అనే త్వరగా మండే పదార్థంతో చేసినవి. వాటి నుండి వచ్చిన విషవాయువులు భవనమంతా వ్యాపించి 123 మంది చనిపోయారు. మంటకంటే వాయువే ఎక్కువమందిని చంపింది. ఆ తరువాత ఆసుపత్రులు సులభంగా అంటుకోని ఫిల్ములకు మారాయి. నేటి ఫిల్ములు ఆ రకంవి కావు. అయినా ఫిల్ముల కట్టను పొయ్యి దగ్గర, దీపం దగ్గర పెట్టకూడదన్న పాఠం మాత్రం మారలేదు.

వాడిన మందును బావిలోనో, వాగులోనో, ఇంటి ముందు కాలువలోనో పోయకూడదు. అందులోని వెండి చేపలకు, నీటిలోని మేలుచేసే సూక్ష్మజీవులకు హాని చేస్తుంది. ఎక్స్‌రే ఫిల్మ్ కడిగిన మందును వేరుగా సేకరించి, అందులోని వెండిని తీసి, శుద్ధిచేసిన తరువాతే మురుగునీటిలో కలపాలని 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు చెబుతున్నాయి. ఆ పని అనుమతి ఉన్నవారు చేయవలసినది, ఇంట్లో చేసేది కాదు.

ఇక మీ ఇంటి పాత ఫిల్ముల సంగతి. గనిలో పనిచేసినవారి ఛాతీ ఫిల్ములను పాత సామానుకు అమ్మవద్దు. న్యుమోకోనియోసిస్ నెమ్మదిగా పెరిగే జబ్బు. పదేళ్ల క్రితం ఫిల్మ్ పక్కన నేటి ఫిల్మ్ పెట్టి చూస్తేనే మార్పు డాక్టర్‌కు స్పష్టంగా తెలుస్తుంది. ఇది చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. పరిహారం కోరవలసి వస్తే పాత ఫిల్మ్, దాని రిపోర్టు మీకు సాక్ష్యాలు. పిడికెడు రూపాయలకు అమ్మేసిన ఆ కట్టే రేపు మీ నాన్నగారి తరఫున మాట్లాడవలసినది కావచ్చు.

ప్రమాదం జరిగితే వెంటనే ఏం చేయాలి?

కంట్లో పడితే: రెప్పలు వేళ్లతో తెరచి పట్టి, శుభ్రమైన పారే నీటితో కనీసం 15 నుండి 20 నిమిషాలు ఆగకుండా కడగాలి. నీళ్లు మంచి కంటిలోకి పోకుండా తల ప్రక్కకు వంచాలి. ఆ తరువాతే ఆసుపత్రికి. ముందు ఆటో వెతకవద్దు, ముందు నీళ్లు. కంట్లో పాలు, ఆముదం, ఆకుపసరు పోయవద్దు.

చర్మం మీద పడితే: తడిసిన బట్టలు, గడియారం, ఉంగరం తీసేసి 15 నిమిషాలు నీటితో కడగాలి. క్షారం పడిందని నిమ్మరసం, ఆమ్లం పడిందని సోడా రాయవద్దు. నీళ్లే మందు.

ఆవిరి పీల్చి ఆయాసపడితే: బయట గాలికి తీసుకువచ్చి నిటారుగా కూర్చోబెట్టండి. బట్టలు వదులు చేయండి. ఆస్తమా ఉన్నవారికి వారి ఇన్‌హేలర్ ఇవ్వండి. లోపల పడిపోయినవారి కోసం గాలి ఆడని గదిలోకి మీరు ఒంటరిగా దూరవద్దు. ముందు తలుపులు తెరచి ఫ్యాన్ వేసి, సహాయానికి పిలవండి.

మింగితే: వాంతి చేయించవద్దు. మన ఇళ్లలో ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, చింతపండు పులుసు తాగించి కక్కించే అలవాటు ఉంది. ఈ మందు లోపలికి పోతూ ఒకసారి కాల్చింది, కక్కిస్తే రెండవసారి కాలుస్తుంది, ఊపిరితిత్తులలోకి కూడా పోవచ్చు. నోరు పుక్కిలించి ఉమ్మించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మందు సీసాను, డబ్బాను మీతో పాటు తీసుకురండి. అందులో ఏముందో తెలిస్తే డాక్టర్‌కు సగం పని తేలికవుతుంది.

మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిల్ములో రేడియేషన్ ఉంటుందా?
ఉండదు. ఎక్స్‌రే కిరణాలు మెషీన్ ఆన్ అయిన ఆ క్షణమే ఉంటాయి, ఆగగానే పోతాయి. ఫిల్మ్‌లోగాని, ఆ మందుల వాసనలోగాని రేడియేషన్ లేదు. అయితే గర్భిణులు ఎక్స్‌రే గదిలోకి వెళ్లేముందు ఆ సంగతి తప్పక చెప్పాలి.

వరండాలో వచ్చే వాసన మా పాపకు హాని చేస్తుందా?
కొద్దిసేపు తగిలే పలుచని వాసన వలన సాధారణంగా హాని ఉండదు. ఆస్తమా ఉన్నవారిని, చంటిపిల్లలను కాస్త దూరంగా గాలి ఆడే చోట కూర్చోబెట్టండి. కళ్లు మండేంత ఘాటుగా ఉంటే సిబ్బందికి చెప్పండి. అది ఫిర్యాదు కాదు, లోపల పనిచేసేవారికి సహాయం.

ఫిల్మ్ తడిగా ఇచ్చారు, ఏం చేయాలి?
అంచు పట్టుకోండి. దుమ్ము లేని నీడలో క్లిప్పుకు తగిలించండి. ఎండలో, పొయ్యి దగ్గర పెడితే పూత కరుగుతుంది. అన్నం మూట మీద పెట్టవద్దు. చేతులు కడుక్కొన్నాకే తినండి.

డిజిటల్ ఫిల్ముకు కూడా జాగ్రత్తలు కావాలా?
వేడితో ముద్రించే ఈ ఫిల్మ్‌కు తడి మందులు అవసరం లేదు. కానీ అది వేడికి నల్లబడుతుంది. బండి డిక్కీలో, ఎండలో వదిలేయవద్దు.

పాత ఫిల్మ్‌తో సూర్యగ్రహణం చూడవచ్చా?
వద్దు. నల్లగా కనబడినా కంటికి కనబడని కిరణాలను అది తగినంతగా ఆపదు. కంటిపొర కాలితే నొప్పి కూడా తెలియదు, చూపు తిరిగి రాదు.

చివరిగా ఒక మాట

దారిలో గాయపడి పడివున్న మనిషిని చూసి ఆగిన మంచి సమరయుని కథ మీలో చాలామందికి తెలుసు. గాయాన్ని కట్టడం ఎంత సేవో, గాయం కాకుండా చూడడం అంతే సేవ. మీ ఇంటివారి రొమ్ములో ఏముందో చూపించే ఆ ఫిల్మ్ వెనుక, ఎర్ర బల్బు వెలుతురులో నిలబడి పనిచేసిన మరొక ఇంటి బిడ్డ ఉన్నాడు. అతని ఊపిరి కూడా దేవుడిచ్చిన ఊపిరే. ఈసారి వరండాలో కూర్చున్నప్పుడు అతన్ని ఒకమాట అడగండి: "తమ్ముడూ, లోపల ఫ్యాన్ తిరుగుతోందా? గ్లవ్స్ ఉన్నాయా?" అని. మీ ఇంట్లోనే అటువంటి బిడ్డ ఉంటే ఈ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు అతని చేతులు ఒకసారి చూడండి.

ఈ పుస్తకం చదివాక పక్కింటివారికి ఇవ్వండి. దేవుడు మీ కుటుంబాలకు ఆరోగ్యాన్ని అనుగ్రహించును గాక.